గంగమ్మ జాతరకు కెమెరాలు మార్చుకుందాం: కెనానోళ్లకు నికానోళ్ల సవాల్

పసుప్పట్టీ (తిరుపతి) | సోమవారం రాత్రి 9:12

మొన్న లీలామహల్ సెంటర్ కాడ టీ తాగతా ఉంటే మన ఎర్రగీత అన్న నలుగురి ముందర ఒక మాటన్నాడు. నికాన్‌లో తీస్తే పెళ్లికూతురు పచ్చకామెర్లు వచ్చినట్టు ఉంటాదంట. టీ లెక్క ఆయనే ఇస్తా ఉన్నాడు కాబట్టి అప్పుడు నోరు మూసుకున్నా. ఇప్పుడు తెరస్తా ఉండా.

రేపు రాత్రి గంగమ్మ చాటింపు. బుధవారం బైరాగి వేషం, జనం ఒళ్లంతా తెల్ల నామకొమ్ము పూసుకుంటారు. శుక్రవారం తోటి వేషం, బొగ్గు పూసుకుంటారు. ఈ రెండు రోజులూ అన్న నా నికాన్ డీ750 పట్టుకోవాల, నేను ఆయన కెనాన్ 6డీ మార్క్ 2 పట్టుకుంటా. ఏ కెమెరా లెన్సులు ఆ కెమెరాతోనే. జేపెగ్ మాత్రమే. ఇంటికి పోయి లైట్‌రూమ్‌లో రంగులు దిద్దేది లేదు. ఫొటోలు ఈడే పెట్టాల. ఒప్పుకుంటాడో లేదో జనం ముందర చెప్పమనండి.

ఎర్రగీత (తిరుపతి) | సోమవారం రాత్రి 9:31

ఒప్పుకున్నా పో. శనివారం రాత్రి నాకు పుత్తూరులో పెళ్లి ఉండాది. శుక్రవారం చీకటి పడేలోగా నా కెమెరా నా చేతికి రావాల. దాని మీద నామకొమ్ము మరక ఉన్నా, బొగ్గు మసి ఉన్నా తుడిచి ఇయ్యాల.

నీ దానికి రెండు కార్డు స్లాట్లు ఉండాయని తెగ ఎచ్చులు పోతావు కదా. రెండింట్లోనూ నా కార్డులే వేసుకుంటా, సరేనా.

నారింజరింగు (తిరుచానూరు) | సోమవారం రాత్రి 9:40

మీరిద్దరూ ఇంకా కెమెరా లోపల అద్దం టపటపలాడించే కాలంలోనే ఉండారు. 2018లో వచ్చిన నా సోనీ ఏ7 మార్క్ 3లో 693 ఫోకస్ పాయింట్లు, ఫ్రేమ్‌లో 93 శాతం నిండుగా. 6డీ మార్క్ 2లో 45, డీ750లో 51. అవీ నడిమధ్యలో గుమిగూడి ఉంటాయి. వేషం కట్టినోడు ఫ్రేమ్ అంచుకు పోతే ఏం చేస్తారు, వెనక్కి పిలుస్తారా?

నేనూ వస్తా. నాతో ఎవరు మార్చుకుంటారు?

తోతాపురి (చిత్తూరు) | సోమవారం రాత్రి 9:52

నీతో ఎవరు మార్చుకుంటారబ్బా. మెనూ లోపలికి పోయినోడు బయటికొచ్చే లోపల జాతర ఆఖర్న జరిగే విశ్వరూప దర్శనం కూడా అయిపోతాది.

నారింజరింగు | సోమవారం రాత్రి 9:58

నవ్వండి నవ్వండి. నికాన్ తన కెమెరాలు చాలావాటికి సెన్సర్లు యాడ చేయించుకుంటా ఉండాదో పసుప్పట్టీ అన్నను అడగండి. సోనీ ఫ్యాక్టరీలో. మమ్మల్ని తిడతా మా కంటితోనే చూస్తా ఉండారు.

పసుప్పట్టీ | సోమవారం రాత్రి 10:05

చేసిపెట్టేది వాళ్లు, రంగు పలికించేది మావోళ్లు. నువ్వు ముందు మొన్న తీసిన రిసెప్షన్‌లో పెళ్లికొడుకు మొహం ఏ రంగులో వచ్చిందో ఈడ పెట్టు, తర్వాత మాట్లాడదాం.

చావడిపెద్ద (నిర్వాహకుడు) | సోమవారం రాత్రి 10:11

అబ్బోళ్లూ, తిట్టుకునే మొక్కు ఉంటే జాతరలో తీర్చుకోండి, ఈడ కాదు. కస్టమర్ల ఫొటోలు వాళ్లను అడక్కుండా ఎవరూ పెట్టొద్దు.

పాతరీలు (తిరుపతి) | సోమవారం రాత్రి 10:47

పడుకుందామనుకుంటే ఫోను మోగతానే ఉంది, తీసి చూస్తే ఇదీ సంగతి.

నాయనా ఎర్రగీతా, నీకొకటి చెప్పాలి. 1936లో కెనాన్ వాళ్లు అమ్మకానికి తెచ్చిన తొలి కెమెరా హాన్సా కెనాన్. దాని ముందర బిగించిన 50 ఎంఎం లెన్స్ నిక్కార్. నిప్పన్ కొగాకు వాళ్లది, అంటే ఇప్పటి నికాన్. లెన్స్ ఒకటే కాదు, దాన్ని కెమెరాకు బిగించే మౌంటూ, దూరం చూసి ఫోకస్ చేసే రేంజ్‌ఫైండర్ లోపలి అద్దాల పనీ కూడా వాళ్లే చేసి ఇచ్చారు. వాళ్లు 1917 నుంచి అద్దాల మీదే బతుకుతున్నారు, కెనాన్‌కు అప్పటికి లెన్స్ చేసే వసతి లేదు. నువ్వు ఈ రోజు పచ్చకామెర్లు అంటున్న అద్దంతోనే మీ కంపెనీ కళ్లు తెరిచింది.

పసుప్పట్టీ గంతులెయ్యొద్దు. నికాన్ సొంత కెమెరా వచ్చింది 1948లో. కెమెరాల లెక్కన చూస్తే వాళ్లే నీకు పెద్ద.

పసుప్పట్టీ | సోమవారం రాత్రి 10:52

సార్, మొదటి పేరా ఫ్రేమ్ కట్టించి స్టూడియోలో తగిలిస్తా. రెండో పేరా నాకు కనపళ్లేదు.

ఎర్రగీత | సోమవారం రాత్రి 11:03

సార్ మీద గౌరవంతో చెప్తా ఉండా. అప్పు తెచ్చుకున్న అద్దంతో మొదలుపెట్టినోళ్లు తర్వాత ఏం చేసినారో కూడా చెప్పండి. 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినారు. ఆటోఫోకస్ మోటారు లెన్స్‌లోనే. మౌంటు నోరు 54 మిల్లీమీటర్లు. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచీ 44 మిల్లీమీటర్లే. అంత ఇరుకు నోటితో 2018 దాకా లాగి, చివరకు వాళ్లూ జెడ్ మౌంటు 55 మిల్లీమీటర్లకు తెరిచినారు. మేము ముప్పై ఏళ్ల ముందర చేసింది వాళ్లకు అప్పుడు అర్థమైంది.

పాతరీలు | సోమవారం రాత్రి 11:20

నిజమే. కానీ 1987లో కెనాన్ వాడేవాళ్ల ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలీదు, నువ్వప్పటికి పుట్టలేదు. అంతకుముందరి ఎఫ్‌డీ మౌంటు లెన్సులు పైసా పైసా కూడబెట్టి కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. ఒక్క ప్రకటనతో అవి కొత్త బాడీలకు పట్టకుండా పోయాయి. నాతో పనిచేసినవాడు ఒకడు అప్పుడు కెనాన్‌కు దండం పెట్టి నికాన్‌కు వచ్చాడు, చచ్చేదాకా తిరిగి పోలేదు. నా పాత నికాన్ ఫిల్ము కెమెరా ఎఫ్ఎం2తో వాడిన 50 ఎంఎం లెన్స్ ఇప్పటికీ డీ750 మీద కూర్చుంటుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే.

ఆ రోజుల్లో ఫిల్ము రోలుకు 36 ఫొటోలు. జీలకర్ర బెల్లానికి రెండు, మాంగల్యధారణకు మూడు, తలంబ్రాలకు నాలుగు అని మనసులో లెక్క వేసుకుని తీసేవాళ్లం. కలర్ రోళ్లు మద్రాసు బస్సులో ల్యాబుకు పోయేవి. అవి తిరిగొచ్చేదాకా పెళ్లివాళ్లు కనపడితే సందు మార్చి పోయేవాళ్లం. మీకు తెరమీద అప్పటికప్పుడు కనపడుతోంది కాబట్టి ఇన్ని మాటలు వస్తున్నాయి.

తోతాపురి | మంగళవారం ఉదయం 7:15

మౌంట్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. నికాన్ ఎఫ్ మౌంటు నుంచి ఫిల్మ్ దాకా దూరం 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్‌కు 44. ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులో అడాప్టర్ పట్టేస్తాది. అందుకని నికాన్ లెన్స్ కెనాన్ మీద వేసుకోవచ్చు, ఉల్టా కుదరదు. వేసినా దూరంగా ఉన్న కొండ ఫోకస్‌కు రాదు. అంటే కెనానోళ్లకు మన అల్లుడు పోవచ్చుగానీ వాళ్ల అల్లుడు మనింటికి రాలేడు.

నారింజరింగు | మంగళవారం ఉదయం 7:22

ఆ లెక్క అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలతో తిరగబడింది చూసుకో. ఆ దూరం సోనీ 'ఇ' మౌంటుకు 18 మిల్లీమీటర్లు, నికాన్ జెడ్‌కు 16. రెండు మిల్లీమీటర్ల మందం అడాప్టర్‌తో మా లెన్సులు నికాన్ జెడ్ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. మీ జెడ్ లెన్సు మా బాడీ మీదికి రాలేదు.

పసుప్పట్టీ | మంగళవారం ఉదయం 7:30

అంటే సెన్సరూ నీదే, లెన్సూ నీదే, అయినా కెమెరా మీద నికాన్ అని రాసుండేదే జనం కొంటా ఉండారు. ఎందుకో ఆలోచించు.

కొత్తఫ్లాష్ (చంద్రగిరి) | మంగళవారం మధ్యాహ్నం 1:40

అన్నలూ, సార్, నేను ఒక స్టూడియోలో లైటు పట్టుకుంటా ఉండా. ఓనరన్న ఖాళీగా ఉన్నప్పుడు కెమెరా ఇస్తాడు. ఇప్పుడు సొంతానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్ము ఫ్రేమంత పెద్ద సెన్సరుండే) బాడీ కొనాలనుకుంటా ఉండా. ఇదంతా చదివినాక ఏది కొనాలో ముందరకంటే ఎక్కువ అయోమయంగా ఉండాది.

తలకోనతూనీగ (తిరుపతి) | మంగళవారం మధ్యాహ్నం 2:25

తమ్ముడూ, వీళ్ల మాటలు వినొద్దు. మీ ఓనర్‌ది ఏ మౌంటు? ముందు అది చెప్పు.

నేను పక్షుల ఫొటోలు తీస్తాను. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు, తలకోన దారిలో ఏది దొరికితే అది. నాది నికాన్. సెన్సర్ చూసో రంగులు చూసో కొనలేదు. నేను నేర్చుకునేటప్పుడు నాకు 200-500 లెన్స్ అరువిచ్చిన అన్నది నికాన్ కాబట్టి నాదీ నికాన్ అయింది. ఆయన సోనీ వాడి ఉంటే ఈ రోజు నారింజరింగు పక్కన నిలబడి నేనూ 693 పాయింట్ల గురించి అరుస్తూ ఉండేదాన్ని. మన ఊళ్లో లక్షలు పోసి అన్ని లెన్సులూ కొనేవాళ్లు ఎందరున్నారు? ముహూర్తం ముందురోజు రాత్రి ఫ్లాష్ చెడిపోతే, లెన్స్ మొరాయిస్తే ఫోన్ చేసి అడుగుతాం చూడు, ఆ నలుగురిదీ ఏ మౌంటో అదే నీ మౌంటు.

పులికాట్ మాట వచ్చింది కాబట్టి ఒక మాట. తొమ్మిది దాటాక నీళ్ల మీద ఎండ వేడికి గాలి అలలు అలలుగా లేస్తుంది. అప్పుడు 500 అయినా 600 అయినా, ఏ కంపెనీదైనా పక్షి మసగ్గానే వస్తుంది. ఆ టైములో లెన్స్ సంచిలో పెట్టి టిఫిన్‌కు పోవడం మేలు. ఇది మాత్రం ఏ ప్రకటనలోనూ రాయరు.

కొత్తఫ్లాష్ | మంగళవారం మధ్యాహ్నం 2:41

ఓనరన్నది కెనాన్ అక్కా. 5డీ మార్క్ 3, 24-70, 70-200, 85. అన్నీ ఈఎఫ్.

పసుప్పట్టీ | మంగళవారం మధ్యాహ్నం 2:44

పోయినాడు. ఇంగొకడు పోయినాడు.

తోతాపురి | బుధవారం మధ్యాహ్నం 3:30

బైరాగి వేషం చూసి ఇప్పుడే వస్తా ఉండా. ఇద్దరికీ నడిమధ్య సాక్షిగా నేనుండా కాబట్టి నేనే రాస్తా.

ముందు అంగడి అరుగు మీద కూర్చుని లెన్సులు మార్చినారు. కెనాన్ లెన్సు బిగించేదానికి తిప్పే దిక్కు ఒకటి, నికాన్‌ది దానికి ఎదురు. ఎర్రగీత అన్న చెయ్యి అలవాటుగా పోయేది విప్పే దిక్కుకు. 70-200 ఊడి వస్తాదేమోనని పసుప్పట్టీ అన్న రెండు చేతులూ కింద చాపి కూర్చున్నాడు, చంటిబిడ్డ ఉయ్యాల కింద తల్లి కూడా అంత జాగ్రత్తగా కూర్చోదు. తర్వాత జూమ్. అదీ ఎదురే. ఒళ్లంతా నామకొమ్ము పూసుకున్న పిల్లోడు ఒకడు వేపమండ పట్టుకుని సరిగ్గా అన్న ముందర నిలబడినాడు, మొహం దగ్గరికి తీద్దామని అన్న జూమ్ తిప్పితే ఫ్రేమ్ వెడల్పయి పక్కనున్న ఐసు బండి వచ్చింది. పిల్లోడు వెళ్లిపోయినాడు. ఐసు బండి ఫొటో బాగా వచ్చింది, అది వేరే సంగతి.

పసుప్పట్టీ అన్న కష్టం ఇంగోరకం. మోడ్ డయల్ మీద ఏవీ, టీవీ అని ఉంటే టీవీలో పెట్టినాడు. కెనాన్‌లో అది షట్టర్ వేగం మనం పెట్టుకునే మోడు. ఏమన్నా అంటే వీడియో తీద్దామని అన్నాడు.

ఎర్రగీత | బుధవారం సాయంత్రం 5:10

అదంతా నిజమే గానీ తోతాపురి ఒకటి దాచినాడు. ఆ తర్వాత నేను తీసినవి చూసినాడు, చూసి ఏం మాట్లాడలా.

తెల్లగా పూసుకున్న ఒళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో. మీకందరికీ తెలిసిందే, వెలుగు కొలిచే మీటర్ ఏదైనా ముందరుండేదాన్ని మధ్యరకం బూడిద రంగు అనుకుంటాది, తెలుపును మురికి చేస్తాది. నా 6డీలో అయితే ఒక స్టాప్ పైకి తిప్పి, అంటే వెలుగు రెట్టింపు చేసి, తర్వాత భుజం మీద, నుదుటి మీద తెలుపు కాలిపోయిందేమోనని తెర చూసుకుంటా ఉంటా. డీ750లో చుక్క పక్కన నక్షత్రం గుర్తుతో ఒక మీటరింగ్ ఉండాది. హైలైట్లను, అంటే బాగా తెల్లగా ఉండే చోట్లను కాపాడేది. అది పెట్టినాక ఒక్క నామకొమ్ము గీత కూడా కాలిపోలా. నుదుటి మీద వేలితో గీసిన గీతల్లో పొడి పగిలిన సన్నబీటలు కూడా కనపడతా ఉండాయి. నీడ వైపు మొహం నల్లబడింది, అది నిజం. కానీ జాతరలో తెలుపే కదా కావాల్సింది.

దీన్ని బట్టి నేను నికాన్‌కు మారతానని ఎవరూ సంబరపడొద్దు. ఆ గ్రిప్పు పట్టుకుంటే నా చిటికెన వేలు గాల్లో ఉంటాది.

పసుప్పట్టీ | బుధవారం సాయంత్రం 5:18

ఈ పోస్టు తీసేయకుండా చూడండి చావడిపెద్ద అన్నా.

నారింజరింగు | బుధవారం సాయంత్రం 5:26

నా వ్యూఫైండర్‌లో తీయకముందరే తెలుపు యాడ కాలతా ఉండాదో చారలు చారలుగా చూపిస్తాది. మీటరింగ్ గుర్తులు బట్టీ పట్టే పని లేదు. ఊరికే చెప్తా ఉండా.

పాతరీలు | బుధవారం రాత్రి 8:02

ఎఫ్ఎం2లో చారలూ లేవు, నక్షత్రమూ లేదు. ఒక ప్లస్, ఒక సున్నా, ఒక మైనస్. బైరాగి రోజు అరచేతిని ఎండలో పెట్టి దాని మీద మీటర్ చూసి, ఆ లెక్క బిగించి పెట్టేసేవాణ్ణి. ముందర తెల్లోడొచ్చినా నల్లోడొచ్చినా మళ్లీ ముట్టుకునేది లేదు. శుక్రవారం బొగ్గు పూసుకుని వస్తారు కదా, మీ నక్షత్రం ఏం చేస్తుందో చూస్తాను.

పసుప్పట్టీ | శుక్రవారం మధ్యాహ్నం 2:50

తోటి వేషం. ఒళ్లంతా బొగ్గు. సార్ చెప్పినట్టే, ఈడ మీటర్ ఉల్టా మోసం చేస్తాది. నలుపును లేపి బూడిద చేస్తాది, వెనకాల వీధి మొత్తం తెల్లగా పోతాది. ఒక స్టాప్ కిందికి దించి తీసినా. చెమట కారిన చోట బొగ్గు కరిగి చారలు పడింది, ఆ చారల అంచుల్లో ఎండ మెరస్తా ఉండే ఫొటో కింద పెట్టినా, చూడండి.

ఈ 6డీ గురించి ఒకటే చెప్తా, మళ్లీ చెప్పను. గుంపులో చెయ్యి పైకెత్తి, తెర పక్కకు మడిచి, వేలితో తాకితే ఆడ ఫోకస్ పడతాది. గబుక్కున పడతాది. నా దాంట్లో తెర వంగతాది గానీ లైవ్ వ్యూలో, అంటే తెర చూసి తీసేటప్పుడు, ఫోకస్ వెతుక్కునే లోపల తోటి వేషం కట్టినోడు ఇంటికి పోయి స్నానం చేసేస్తాడు. అంతే.

తలకోనతూనీగ | శుక్రవారం మధ్యాహ్నం 3:15

చారల ఫొటో చాలా బాగుంది. వెనక నీలం తలుపు లేకపోతే ఇంత పండేది కాదు. తలుపు ఏ కంపెనీదో కనుక్కోండి, అదీ కొందాం.

ఎర్రగీత | శుక్రవారం సాయంత్రం 6:40

ఫొటో సరే. నా కెమెరా యాడ? చీకటి పడింది.

ఎర్రగీత | శుక్రవారం రాత్రి 7:25

పసుప్పట్టీ. ఫోను ఎత్తు.

పసుప్పట్టీ | శుక్రవారం రాత్రి 7:31

ముప్పావు గంట నుంచి మసి తుడస్తా ఉండా సామీ, షరతు నువ్వే కదా పెట్టింది. డయల్ గీతల్లో దూరింది, అగ్గిపుల్లకు దూది చుట్టి తీస్తా ఉండా. ఎనిమిదికి మీ ఇంటి కాడ ఉంటా.

చావడిపెద్ద | శుక్రవారం రాత్రి 9:00

ఓట్లు అడిగినారు కాబట్టి చెప్తా ఉండా. బైరాగి రోజు ఎక్కువ మందికి నచ్చింది ఎర్రగీత నికాన్‌తో తీసింది. తోటి రోజు పసుప్పట్టీ కెనాన్‌తో తీసింది. ఎవరు గెలిచినట్టో మీరే తేల్చుకోండి, నన్ను లాగొద్దు. ఐసు బండికి కూడా ఏడు ఓట్లు వచ్చినాయి.

కొత్తఫ్లాష్ | సోమవారం ఉదయం 10:20

అందరికీ థాంక్స్. మాతంగి వేషం రోజు ఓనరన్న తన 85 ఇచ్చినాడు, అది పట్టుకుని తిరిగినా. కెనాన్‌కే పోతా ఉండా. తిరుపతిలోనే ఒకాయన 6డీ మార్క్ 2 అమ్ముతా ఉండాడు. ఏమేం చూసుకోవాల?

పసుప్పట్టీ | సోమవారం ఉదయం 10:28

అదే నికాన్ అయితే ఫొటో ఒకటి తీసి ఎక్సిఫ్ (ఫొటో ఫైల్లో ఉండే కెమెరా వివరాలు) చూస్తే షట్టర్ ఎన్నిసార్లు పడిందో రాసుంటాది. మీ కెనాన్‌లో అది మామూలుగా రాయరు, వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాల. చెప్పలేదనొద్దు.

పాతరీలు | సోమవారం ఉదయం 11:05

షట్టర్ లెక్క ఒకటే చాలదు. లెన్స్ రంధ్రం సన్నగా ఎఫ్16లో పెట్టి ఆకాశాన్ని తీసి చూడు, సెన్సర్ మీద మరకలు ఉంటే చుక్కలుగా కనపడతాయి. లెన్స్ కూడా ఇస్తానంటే వెనక నుంచి టార్చి కొట్టి చూడు. లోపల సాలెగూడులాగా సన్న దారాలు కనపడితే ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు, నీ మిగతా లెన్సుల పక్కన కూడా పెట్టొద్దు. కార్డు తలుపు, బ్యాటరీ తలుపు, ఫ్లాష్ తగిలించే హాట్ షూ తుప్పు అన్నీ చూడాలి. ఆదివారం పదింటికి గాంధీ రోడ్డులో మా షాపు కాడికి రా, ఇద్దరం కలిసి పోయి చూద్దాం.

నారింజరింగు | సోమవారం ఉదయం 11:12

సార్, నేనూ వస్తా. పిల్లోడికి ఆఖరిసారి ఒక మాట చెప్పి చూస్తా.

పాతరీలు | సోమవారం ఉదయం 11:14

నువ్వు రావద్దు నాయనా.